మూడో రోజు దాకా దాచిన మాట

మొన్న ఆదివారం ఆరాధన ముగిసి ఇంటికి వచ్చి, ఇంకా కొంగుతో ముఖం తుడుచుకుంటూనే ఉన్నాను, ఫోనులో ఒక ప్రకటన వచ్చింది. పదమూడేళ్ళ నుంచి పదహారేళ్ళ లోపు పిల్లలకు ఈ ఎండాకాలం సెలవుల్లో మన చర్చిలో మూడు దినాల ఉపవాస ప్రార్థన అని రంగురంగుల అక్షరాలతో వేసి, అడుగున సాక్ష్యం చెప్పేవారు అంటూ నా పేరు పెట్టారు. అద్దాలు పెట్టుకొని మళ్ళీ చదివాను, నా పేరే. పంపింది ఎవరో కాదు, ముప్పై అయిదేళ్ళ క్రితం నా చేతి కింద పెరిగి, ఇప్పుడు మా చర్చిలో ఆ ఈడు పిల్లలందరినీ నడిపిస్తున్న మనిషే. మన ఇద్దరి సాక్ష్యం నువ్వే చెప్పాలె అక్కా, పిల్లలు నీ నోటితోనే వినాలె అని కింద ఒక ముక్క కూడా రాసింది. అది చదివిన దగ్గర నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఎందుకంటే ఆ సాక్ష్యంలో నేను నిన్నటిదాకా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది, అది చెప్పకుండా ఆ పిల్లల ముందు నిలబడితే ఈ మండే ఎండల్లో వాళ్ళలో ఎవరో ఒకరు నేలకొరుగుతారని నా భయం. నా ఈడు వాళ్ళు మీరైనా వినండి, విని తిట్టాలనిపిస్తే తిట్టండి.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. రాయచూరులో ఒక చిన్న బడిలో పంతులమ్మను, పెళ్ళి ఇంకా కాలేదు, ఉత్సాహం మాత్రం ఊరంత. మా చర్చిలో పొద్దున తెలుగు ఆరాధన, అది కాగానే కన్నడ ఆరాధన జరిగేవి. రెండింటి మధ్య పెద్దలు చాయ తాగడానికి బయటికి పోతే, ఆ సందులో మా పిల్లలు తెలుగు పాట ఒకటి ఎత్తుకొని, అది సగంలో ఉండగానే కన్నడ పాటలోకి దూకి, తాళం తప్పినవాణ్ణి ఉర్దూలో ఎగతాళి చేసేవారు. ఈ పిల్లలు చిన్నపిల్లల తరగతికి పెద్దవాళ్ళైపోయారు, పెద్దల కూటానికి ఇంకా చిన్నవాళ్ళు, వీళ్ళను నువ్వే చూసుకోవాలమ్మా అని మా పాస్టరు అయ్యగారు నలభై మందిని నాకు అప్పగించారు. నేనేం తక్కువదాన్నా! పాటలు నేర్పాను, వాక్యాలు కంఠస్థం చేయించాను, నలుగురిలో ప్రార్థన చేయాలంటే సిగ్గుతో గోళ్ళు కొరుక్కునే మగపిల్లల చేత కూడా నోరు విప్పించాను. వాళ్ళు కళ్ళు మూసుకొని పాడుతుంటే నేనూ గొంతు కలిపేదాన్ని. అబద్ధం ఎందుకు, అంత సంతోషం నాకు తర్వాత నా సంసారంలో కూడా దొరకలేదు.

ఆ నలభై మందిలో ఈ ప్రకటన పంపిన పిల్ల ఒకతె. పదమూడేళ్ళు, బక్కపల్చన, ఏడో తరగతి అప్పుడే పాసయింది, పాట ఎత్తుకుంటే హాలంతా వినిపించేది. తల్లి లేదు. తండ్రి పత్తి మిల్లులో బేళ్ళు మోసేవాడు, మాట తక్కువ, కోపం ఎక్కువ. వానలు పడి పంట నిలబడగానే పిల్లను మట్మారి దిక్కు పత్తి విత్తనాల చేలకు పంపుతానని ఆ ఎండాకాలం నిశ్చయించుకున్నాడు. అక్కడ చేసే పనిని క్రాసింగు అంటారు, పత్తి మొగ్గను విప్పి వేరే పువ్వు పుప్పొడి అద్దడం. దానికి ఆడపిల్లల సన్నటి వేళ్ళే కావాలని కూలీలను కుదిర్చే మేస్త్రీలు ఇల్లిల్లూ తిరిగేవారు. అలా పోయిన పిల్లలు మళ్ళీ బడి గడప తొక్కడం నేను చూడలేదు. ఈ పిల్ల నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది.

"దేవుడు మా నాయన మనసు మారుస్తడా అక్కా?"

నేను చేయవలసిన పని, లేచి వాళ్ళింటికి పోయి ఆ తండ్రితో మాట్లాడటం. ఆయన కోపానికి జంకాను. జంకాను కాబట్టి పిల్లకు ఉపవాసం చెప్పాను.

మా వాళ్ళల్లో ఉపవాసాలు రకరకాలు. మధ్యాహ్నం దాకా ఉండేవాళ్ళు కొందరు, పొద్దుగూకేదాకా ఉండేవాళ్ళు కొందరు. అన్నిటికంటే కఠినమైనది మూడు దినాలు అన్నమూ నీళ్ళూ రెండూ ముట్టనిది, దాన్ని పెద్దవాళ్ళే, అదీ చలికాలంలో, ఏదో తట్టుకోలేని కష్టం వచ్చినప్పుడు పట్టేవారు. ఇంకో ఆచారం కూడా ఉండేది. ఉపవాసంలో ఎవరు ప్రార్థన చేసి కూర్చోబెట్టారో వాళ్ళే మళ్ళీ ప్రార్థన చేసి, తమ చేత్తో బెల్లం నీళ్ళు తాగించి విడిపించాలి. తనంతట తాను తాగితే దేవునికిచ్చిన మాట తప్పినట్టే లెక్క. ఆ సెలవుల్లో నేను చర్చి హాలులో మూడు రోజుల కూటం పెట్టాను. మగపిల్లలు సాయంత్రం ఇళ్ళకు పోయేవారు, ఆడపిల్లలు హాలులోనే పడుకునేవారు, వాళ్ళకు తోడు చర్చి ఊడ్చే అవ్వ ఉండేది. మిగతా అందరూ మధ్యాహ్నం దాకానే ఉపవాసమున్నారు. ఈ పిల్ల మాత్రం కఠినమైనదే పడతానంది. వద్దు తల్లీ అనాల్సిన నోటితో శభాష్ అన్నాను. అందరి ముందు నిలబెట్టి, నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసి మరీ కూర్చోబెట్టాను.

రాయచూరు ఎండ సంగతి మీకు నేను చెప్పాలా! పొద్దు వాలినా గుట్టల రాళ్ళు సెగలు కక్కుతూనే ఉండేవి, హాలు రేకుల కింద గాలి కూడా ఆడేది కాదు. మొదటి రోజు ఆ పిల్ల అందరికంటే గట్టిగా పాడింది. రెండో రోజు పొద్దున పెదవులు పగిలాయి, పాట ఆగిపోయింది, ఉత్త వేళ్ళతో మోకాలి మీద తాళం వేసింది. మధ్యాహ్నానికి ఆ వేళ్ళూ ఆగిపోయాయి. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"జర నోరు పుక్కిలిస్తనక్కా. మింగ, ఒట్టు."

ఇంకొక్క దినమే కదమ్మా, దేవుడు చూస్తున్నాడు అన్నాను. ఆ పిల్ల తలూపి నోరు మూసుకుంది. చీపురు పట్టుకొని అటుగా పోతున్న అవ్వ అది చూసి ఊరుకోలేదు.

"గీ ఎండల పోరికి నీళ్ళు బంద్ జేసుడేంది టీచరమ్మా? దేవుడడిగిండా, నువ్వడిగినవా?"

ఊడ్చుకునే మనిషికి వాక్యం సంగతులెందుకని నేను ముఖం తిప్పుకున్నాను. ఆమె ఇంక నాతో వాదించలేదు. ఎండ కొంచెం తగ్గగానే చీపురు అక్కడ పడేసి, ఎవరికీ చెప్పకుండా నేరుగా ఆ పిల్ల తండ్రి దగ్గరికి పోయింది. ఆయనను చిన్నప్పుడు ఎత్తుకొని తిరిగిన మనిషి కాబట్టి ఆమె తిడితే పడ్డాడు. దీపాలు పెట్టే వేళకు రొప్పుకుంటూ తిరిగి వచ్చి, నన్ను వాకిట్లోకి పిలిచింది.

"ఒప్పుకున్నడు బిడ్డా. చేన్లకు పంపడంట, బడికే పోనీ అన్నడు. పోయి పిల్లకు జెప్పి నీళ్ళు తాపు."

నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆ సంతోషంతోనే లోపలికి పరుగెత్తి చెప్పి ఉంటే ఈ రోజు మీకు ఈ కథ చెప్పే పని ఉండేది కాదు. గుమ్మం దగ్గర ఆగాను. రేపు సాయంత్రం ముగింపుకు తల్లిదండ్రులందరూ వస్తారు, మూడు దినాలూ నిండాక అందరి ఎదుట ఈ మాట చెబితే నలభై మంది పిల్లల విశ్వాసం జన్మంతా చెక్కు చెదరదు కదా అనుకున్నాను. ఇప్పుడే చెబితే సగం ఉపవాసం, పైగా ఊడ్చే అవ్వ పోయి ఒప్పించిందంటారు. నిజం చెప్పాలంటే పిల్లల విశ్వాసం ఒక్కటే కాదు, అయ్యగారు నన్ను మెచ్చుకుంటారన్న ఆశ కూడా ఉంది, ఛీ. నేను చెప్తాను, మీరు చెప్పకండి అని అవ్వను ఆపాను. కూర్చోబెట్టినదాన్ని నేను, విడిపించాల్సినదాన్ని నేను, అందుకని ఆమె నా మాట దాటలేదు. మర్నాడు పొద్దున పిల్ల ఇంకా నీళ్ళు తాగలేదేమని అడిగితే, చెప్పాను, తనే మూడు దినాలూ నిండిస్తానంది అని నిలువునా అబద్ధమాడాను. లోపలికి పోతే ఆ పిల్ల గోడకానుకొని నా వైపే చూస్తోంది. తల నిమిరి వచ్చేశాను.

ఆ రోజు మధ్యాహ్నం కాకముందే, పాటకని అందరూ లేచి నిలబడితే తనూ లేచింది. లేచి అలాగే పక్కకు ఒరిగిపోయింది. ఒంట్లో చెమట చుక్క లేదు, ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. ప్రార్థనా లేదు, బెల్లమూ లేదు, చెంబెడు నీళ్ళు నోట్లో పోశాను. అవి పెదవి మూల నుంచి కారిపోయాయి. రిక్షాలో వేసుకొని దవాఖానకు పోయాం. నీళ్ళు తాగక ఎంతసేపైందని డాక్టరు అడిగితే పొద్దుటి నుంచి అన్నాను, సిగ్గులేనిదాన్ని. వెనక నుంచి అవ్వ, మూడో దినం సారూ అని అరిచింది. రెండు రోజులు ఆ పిల్లకు మూత్రం రాలేదు. తండ్రి మంచం పక్కన నేల చూస్తూ కూర్చున్నాడు, ఎప్పుడు తలెత్తి నన్ను నిలదీస్తాడోనని నేను తలుపు దగ్గర చచ్చి బతుకుతున్నాను. ఆయన లేచి గుడ్డ తడిపి పిల్ల నుదుటి మీద వేశాడు. మూడో రోజున పిల్ల కళ్ళు తెరిచింది.

నెల తిరగకముందే చర్చిలో సాక్ష్యం పెట్టారు. పిల్ల చెయ్యి పట్టుకొని నిలబడి, మూడు దినాలు నిండిన నాడే దేవుడు తండ్రి మనసు మార్చాడని చెప్పాను. తనూ అదే చెప్పింది. జనమంతా ఏడ్చారు, అవ్వ ఒక్కతె లేచి బయటికి పోయింది. ఆ తర్వాత ప్రతి ఎండాకాలం ఎవరో ఒక పిల్ల వచ్చి నేనూ అలాంటిదే పడతానక్కా అనేది, ఏదో సాకు చెప్పి తప్పించేదాన్ని, పెళ్ళయ్యాక ఆ తరగతే వదిలేశాను. అవ్వ పోయి చాలా ఏళ్ళైంది. ఈ పిల్ల చదువుకుంది, బడిలో ఉద్యోగం చేసింది, కానీ ఎండలు ముదిరితే ఇప్పటికీ కాళ్ళు వాస్తాయి. ఆ కాళ్ళు చూసినప్పుడల్లా నేను తల దించుకుంటాను.

రెండు రోజులు మథనపడి నిన్న ఫోను చేశాను. అవ్వ వాకిట్లో చెప్పిన మాట దగ్గర నుంచి అన్నీ చెప్పి, నన్ను క్షమించు తల్లీ అని ఏడ్చాను.

"నాకు తెల్సక్కా. దవాఖానల కండ్లు తెర్సిన్నాడే నాయన జెప్పిండు."

మరి చర్చిలో అలా ఎందుకు చెప్పావే అన్నాను.

"నువ్వు నా చెయ్యి పట్టుకొని నిలబడ్డవ్. గప్పుడు నేనేం జెప్తనక్కా?"

పదమూడేళ్ళ పిల్ల, నా పరువు కోసం! ఇప్పటికైనా ఈ ఉపవాసం ఆపమని బతిమాలాను. గట్ల ఎట్ల ఆపుతనక్కా, గా సాక్ష్యం విని ఎంతమంది పిల్లలు నిలబడ్డరు, నువ్వు రా, పాతదే జెప్పు అంది, ఎంతో నిమ్మళంగా. అప్పటికే తొమ్మిది మంది పిల్లలు నీళ్ళు కూడా ముట్టమని పేర్లిచ్చారట.

ఇప్పుడా హాలుకు రేకులు లేవు, మైకులున్నాయి, కూలర్లున్నాయి, పాటల మాటలు గోడ మీద వెలుగుతాయి. ఆ రోజుల్లో పిల్లలకు నేను చెప్పిందే వేదం, అయినా చీపురు పట్టుకొని దేవుడడిగిండా అని అడ్డం పడే మనిషి ఒకతె ఉండేది. ఇప్పుడు హాలు ఊడ్చేవాళ్ళు వచ్చి ఊడ్చి, ఎవరి ముఖమూ చూడకుండా పోతారు. ఆ పిల్లకు దేవుణ్ణి నమ్మడం నేర్పానని ఇన్నేళ్ళూ మురిసిపోయాను, దాచడం కూడా నా దగ్గరే నేర్చుకుందని నిన్న తెలిసింది. శుక్రవారం పొద్దున కూటం మొదలవుతుంది. పిల్లల తలల మీద తను చెయ్యి పెట్టకముందే నేను లేచి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను, ముప్పై అయిదేళ్ళు నా పరువు కాపాడిన పిల్లను నలుగురి ముందు అబద్ధాలకోరును చేస్తాను. ఆ తర్వాత తను నన్ను అక్కా అని పిలవదు.