గిర్నవ్వ చేతిలో మార్పుల పెట్టె

ఆ రోజుల్లో మా సూర్యాపేటలో పిల్లకు సంబంధం కుదరడం ఒక ఎత్తు, ఆ పెళ్లికి శుభలేఖ కుదరడం మరో ఎత్తు. జాతకాలు, ముహూర్తం, పెట్టుపోతలు పెద్దమనుషుల మధ్య ఒక్క పూటలో తేలిపోయేవి. శుభలేఖ మీద ఎవరి పేరు ముందుండాలి, ఎవరిది లావు అక్షరాల్లో ఉండాలి అన్న దగ్గర మాత్రం కలిసి పెరిగిన అన్నదమ్ములు మాటలు మానేసేవారు. ఈ సంగతి నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. హైదరాబాదులో అచ్చుపని డిప్లొమా చదివేటప్పుడు సీసం ఎంత వేడికి కరుగుతుందో చెప్పారు గానీ, పెళ్లికూతురి బాబాయి ఎంత వేడికి కరుగుతాడో చెప్పలేదు.

చదువు కాగానే బస్టాండు వెనక ఉన్న మా మామ ప్రెస్సులో చేరాను. (మామ అంటే మా అమ్మకు పెదనాన్న కొడుకు. ఎవరు ఎదురైనా “ప్రూఫు చూసిన్రా?” అనే పలకరించేవాడు కనుక ఊరంతా ఆయన్ను ప్రూఫు మామ అనేది.) ప్రెస్సులో ఉన్నవి కాలితో తొక్కే ట్రెడిల్ మిషను ఒకటి, సీసపు అక్షరాల కేసులు కొన్ని, ఎప్పుడూ చాలని లావు అక్షరాలు. ఎవరైనా వచ్చి పేరు మార్చమంటే కూర్చిన లైను విప్పి, అక్షరాలను ఏ గడిది ఆ గడిలో వేసి, కొత్త లైను కూర్చేవాళ్లం. మర్నాడు ఆయనే వచ్చి “ముందుదే మంచిగుండె” అనేవాడు. మళ్లీ విప్పడం, మళ్లీ కూర్చడం. మా శ్రమలో సగానికి పైగా ఒకసారి చేసిన పనినే తిరిగి చేయడానికి పోతోందని చేరిన నెలలోనే తేల్చుకుని, ఆ మాట మామకు చెప్పాను. మామ నన్ను జాలిగా చూశాడు. “అల్లుడా, గది నువ్వు కనిపెట్టవడితివా? నా జుట్టు ఎట్ల తెల్లబడ్డదనుకున్నవ్?” అన్నాడు.

మా నాన్నకు నా చదువు మీద అంత నమ్మకం లేదు. తనకు తెలిసిన నూనె మిల్లులో నాకు గుమాస్తా పని మాట్లాడి పెట్టి, పిలిచిన రోజు వెళ్లాలని చెప్పాడు. నేను మిషను చప్పుడు వదిలి లెక్కల్లో కూర్చోలేనని మామను బతిమాలాను. మామ ఆలోచించి, “సరే. ఇగ ముందు పెద్ద పని ఒకటి వస్తది. గది ఒడ్డున పడేస్తివా, నేను మీ నాయినతోని మాట్లాడుత. లేకపోతే నూనె మిల్లే నీ గతి” అన్నాడు. నేను ఆ పూటే మార్పుల పెట్టె తయారు చేయడం మొదలుపెట్టాను.

పెట్టె మా పక్క కమీషను దుకాణంలోది. వడ్ల నమూనాలు పోసి చూపించడానికి అరలు అరలుగా ఉన్న వెడల్పాటి చెక్కపెట్టె, మూలన పడి ఉంటే అడిగి తెచ్చుకున్నాను. నా ఆలోచన ఇది. శుభలేఖ మొత్తాన్ని ఎన్నిసార్లు మారితే అన్నిసార్లు దాచుకోవాలంటే ఊళ్లోని సీసమంతా చాలదు. కానీ మారేది మొత్తం కాదు, ఒకటో రెండో లైన్లు. కాబట్టి తీసేసిన లైనును విప్పకుండా దారంతో కట్టి, ఏ మార్పుకు తీశామో ఆ వరుసలోని అరలో పెట్టాలి. పెట్టెలోకి వెళ్లినది ఏదీ, పెళ్లి పత్రికలు వాళ్ల చేతికి వెళ్లేదాకా, విప్పకూడదు. పెట్టెను చూస్తే చాలు, శుభలేఖ ఎట్లా పుట్టింది, ఎన్ని వేషాలు వేసింది అన్నీ కనపడాలి. ఇక వచ్చినవాళ్లు కథలు చెప్పకుండా పని మాత్రమే చెప్పేటట్టు ఆరు మాటలు ఖాయం చేసి, నల్లబల్ల మీద రాసి వేలాడదీశాను: ఉంచు, తీయి, మార్చు, కలుపు, జరుపు, వెనక్కి. నేను ఒక్కో లైను చదువుతాను, వాళ్లు ఆరింట్లో ఒక్క మాట అంటారు, నేను అక్కడికక్కడే వాళ్ల కళ్ల ముందు చేసి చూపిస్తాను. ‘వెనక్కి’ అంటే అరలోంచి పాత లైను తిరిగి రావడం. (దాన్ని తలచుకుని నేను నిద్రలో కూడా నవ్వుకునేవాణ్ణని మా అమ్మ చెప్పేది.)

“గిదేంది, వడ్ల బేరం పెట్టినవా?” అన్నాడు మామ.

“మామా, ఇకమీద మన ప్రెస్సులో చేసిన పని మళ్లీ చేయం.”

“మరి సేట్లకు గీ ఆరు మాటలు సాల్తయా? మా సేట్లు దగ్గుటానికే అరవై మాటలు కావాలె.”

ఆ పెద్ద పని రానే వచ్చింది. ముగ్గురు అన్నదమ్ములు, బియ్యం వ్యాపారం. పెద్దాయన సూర్యాపేటలో, నడిపాయన కోదాడలో, చిన్నాయన మిర్యాలగూడలో. తండ్రి పోయిన తర్వాత వడ్లు ఆడించే గిర్నీ నడిపి ముగ్గురినీ పెంచినది వాళ్ల అమ్మ. ఊరు ఆమెను గిర్నవ్వ అనేది. వ్యాపారం పంచుకున్నప్పటి నుంచీ ముగ్గురు కొడుకులూ ఒక పంక్తిలో కూర్చుని అన్నం తినలేదు. ఇప్పుడు పెద్దాయన బిడ్డ పెళ్లి. శుభలేఖ మీద తమకు తక్కువ జరిగితే పందిట్లో అడుగే పెట్టబోమని తమ్ముళ్లిద్దరూ కబురు చేశారట. గురువారం పొద్దున మొదటి పత్రికకు పసుపు పెట్టి దేవుడి ముందు పెట్టాలి. అంటే బుధవారం పొద్దు గూకేసరికి పత్రికలు కావాలి. నాకు నూనె మిల్లు వాసన ముక్కుకు తగిలింది.

పెద్దాయన రాసి ఇచ్చినట్టు మొదటి ప్రూఫు వేశాం. పైన గిర్నవ్వ పేరుతో ఆహ్వానం, మధ్యలో లావు అక్షరాల్లో పెళ్లికూతురు, కింద ముగ్గురు కొడుకుల పేర్లు వయసు వరుసలో ఒకే లైనులో. చక్కగా ఉంది. దాని నకళ్లు బస్సు కండక్టర్ల చేతికిచ్చి ఒకటి కోదాడకు, ఒకటి మిర్యాలగూడకు పంపాం. రెండూ ఎర్ర సిరాతో తడిసి తిరిగొచ్చాయి. కోదాడాయన పెద్దాయన దుకాణం పేరు వేస్తే తనదీ వేయాలన్నాడు (పెద్దాయన అసలు వేయనే లేదు). మిర్యాలగూడాయన తన దుకాణం పేరు అందరికంటే పైన కావాలన్నాడు. అవి చూసి పెద్దాయనకూ దుకాణం గుర్తొచ్చింది. ముగ్గురి మార్పులూ ఒకే చోటికి వచ్చి ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఇక ముగ్గురినీ ఒక చోట కూర్చోబెట్టాల్సిందేనని మంగళవారం మధ్యాహ్నం ప్రెస్సుకు పిలిపించాను. నియమం చెప్పాను: ముగ్గురూ ఒకే మాట అంటేనే లైను మారుతుంది.

“మీరు అడిగిన దుకాణాల లైన్లు మూడూ వరుసగా కూర్చాను. ఏం చేయమంటారు?”

“నాది కిందికెందుకుండాలె? జరుపు!” అన్నాడు చిన్నాయన.

“ఎక్కడికి జరుపుతారు తమ్ముడూ? పైన లక్ష్మీదేవి బొమ్మ ఉంది కదా” అన్నాడు నడిపాయన. (ఆంధ్ర అంచున ఉన్న కోదాడలో ఉండి ఉండి ఆయన మాట కృష్ణ దాటింది.)

“అయితే బొమ్మను జరుపు!”

“అమ్మోరిని జరిపితే పాపం నాకు తాకుతది సేటు, మీకు కాదు” అన్నాడు మామ మిషను చాటు నుంచి.

“తమ్మీ, నీ దుకాణం వెట్టి ఎన్నొద్దులాయె? నాది నాయిన వెట్టిన దుకాణం. ఉంచు!” అన్నాడు పెద్దాయన.

ఇట్లా సాగింది. ఆరు మాటలు చాలవన్న మామ మాట తప్పే అయింది. ఆ ఆరు మాటలతోనే ఎంత తిట్టుకోవచ్చో వాళ్లు చూపించారు. ఒప్పుదల కుదరక దుకాణాలు ఉన్నచోటే ఉండిపోయాయి. అయితే మధ్యలో రెండు మంచి మార్పులు కూడా వచ్చాయి. కోదాడ వైపు చుట్టాలకు బస్సు మాట్లాడామన్న లైను నడిపాయనది. భోజనాలు ముహూర్తానికి ముందే మొదలన్న లైను చిన్నాయనది. అవి చేరి, మూడు దుకాణాలూ మూడు చిరునామాలూ చేరి, ఒక్క లైనులో ఉన్న కొడుకుల పేర్లు మూడు లైన్లయి చోటు చాలక, పెళ్లికూతురి పేరు లావు అక్షరాల నుంచి మామూలు అక్షరాలకు దిగింది. అయినా ఒక లైను ఎక్కువే. నేను పై నుంచి చదివాను. గిర్నవ్వ పేరు దగ్గరికి రాగానే ఏ వాదనా లేకుండా మొదటిసారి ముగ్గురూ ఒక్క గొంతుతో “తీయి” అన్నారు. “అమ్మ పేరు ఎవరికి తెలవదు?” అన్నాడు పెద్దాయన. ముగ్గురికీ ఒప్పుదల కుదిరిందన్న ఆనందంలో నేను ఆ లైనును దారంతో కట్టి, మొదటి ప్రూఫులోంచి తీసిన లైన్లన్నీ ఉన్న మొదటి వరుసలో దాచి, ప్రూఫు లాగి ముగ్గురి చేతా సరే అనిపించాను. మామ కాగితం కోయించాడు.

బుధవారం పొద్దున మిషనుకు సిరా పూస్తుండగా ప్రెస్సు ముందు రిక్షా ఆగింది. అందులో గిర్నవ్వ. రిక్షా వెనక, పత్రికల కోసం రాత్రి ఊళ్లోనే ఆగిన తమ్ముళ్లతో సహా ముగ్గురు కొడుకులూ వయసు వరుసలో నడిచి వస్తున్నారు. రాత్రి మనవరాలి చేత ప్రూఫు చదివించుకుందట. ఆమె లోపలికి వచ్చి కాగితాల కట్ట మీద కూర్చుంది. మామ సిరా చేతులతోనే దండం పెట్టాడు.

“ఏ పిలగా, పెట్టె పెట్టినోనివి నువ్వేనా? నా పేరు ఏడ వెట్టినవ్?”

నేను అర చూపించాను. “దారం కట్టి దాచానవ్వా. అక్షరం కూడా విప్పలేదు.”

ఆమె లైను చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూసింది. “గిదేంది, అక్షరాలు తిరగబడి ఉన్నయి?”

“అచ్చు వేస్తే సక్కగా వస్తాయవ్వా.”

“మా ముగ్గురు గిట్లనే తిరగబడి ఉన్నరు. వీళ్లు అచ్చేసినా సక్కగొచ్చేటట్టు లేరు.” తర్వాత నల్లబల్ల వైపు చూసింది. “గది సదువు.”

చదివాను. ఆమె నవ్వింది. “ఓ, గివేనా? కోడండ్లకు వంటింట్ల రోజు నేను చెప్పేటివి గివే గద. ఇగ నువ్వు లైను లైను సదువు, నేను చెప్త.”

“అమ్మా, గట్ల కాదే. ముగ్గురం ఒప్పుకుంటెనే మారాలె. ఈ పిలగాడు పెట్టిన నియమం” అన్నాడు నడిపాయన. (తల్లి ముందు కోదాడ భాష ఏమైందో ఏమో.)

“ముగ్గురిని కన్నదాన్ని నేనొక్కదాన్నే. ముగ్గురి ఒప్పుదల నా కాడనే ఉంది. నువ్వు సదువు పిలగా.”

నియమాలు పెట్టినవాడిగా నేను దానికి ఎదురు చెప్పాలి. కానీ నాకు అందులో లోపమేమీ కనపడలేదు. చదివాను.

“మొదటి దుకాణం, చిరునామా.” “తీయి.” “రెండోది.” “తీయి.” “మూడోది.” “గది కూడ తీయి. లగ్గానికొచ్చినోళ్లు బియ్యం కొనుక్కపోతరా?” “కొడుకుల పేర్లు మూడు లైన్లు.” “గవి వెనక్కి. ముందు ఒక్క లైన్ల ఉండె గద, గట్లనే కలుపు. పక్కపక్కన కూసుంటరు.” “పెళ్లికూతురి పేరు.” “గది కూడ వెనక్కి. లగ్గం పిల్లదా, దుకాణాలదా?” “మీ పేరు?” “వెనక్కి. పైననే.”

నేను అరల్లోంచి లైన్లు తీసి ఒక్కోటి పెడుతున్నాను. ఒక్క అక్షరం కూడా కొత్తగా కూర్చలేదు. అంతా మొదటి ప్రూఫుకే తిరిగి పోతోందని, ఇన్ని రోజుల పని గాలికి పోయిందని మామ మొహం వేలాడేశాడు. అప్పుడు నేను కొంచెం భయంగానే చదివాను. “కోదాడ చుట్టాలకు బస్సు.”

గిర్నవ్వ నడిపి కొడుకు వైపు చూసింది. “ఉంచు. నడిపోడు పనికొచ్చేది గదొక్కటి రాసిండు.”

“ముహూర్తానికి ముందే భోజనాలు.”

“ఉంచు. మా ఇంట్ల ఆకలి సంగతి సిన్నోనికే తెలుసు.”

చిన్నాయన ముందు నవ్వాడు. నడిపాయన నవ్వు ఆపుకోబోయి దగ్గాడు. “మరి నాదేముందే అమ్మా?” అన్నాడు పెద్దాయన చిన్నపిల్లాడిలా. “పిల్లే నీదాయె గదర! ఇంకేం కావాలె?” అంది అవ్వ. ముగ్గురూ ఒక్కసారి నవ్వారు. ప్రెస్సులో మిషను చప్పుడు తప్ప అంత పెద్ద చప్పుడు నేను వినడం అదే మొదటిసారి.

మధ్యాహ్నం కోదాడ బస్సు కదలకముందే మొదటి కట్ట సిద్ధమైంది. నడిపాయన తన వంతు పత్రికలు ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. చిన్నాయన మాత్రం అన్న ఇంట్లో భోజనం చేసి, సాయంత్రం మిర్యాలగూడ బస్సెక్కాడు. పెళ్లిరోజు ముగ్గురూ ఒకే పంక్తిలో కూర్చున్నారు. (నేను చూశాను. వయసు వరుసలోనే.) గిర్నవ్వ నన్ను పిలిపించి వాళ్ల ఎదురుగా విస్తరి వేయించింది. “పెట్టెపిలగానికి ఇంకో లడ్డు వెయ్యుండ్రి” అని కేకేసింది.

మా నాన్న ఆ వారంలోనే ప్రెస్సుకు వచ్చాడు. మామ ఆయన్ను కూర్చోబెట్టి చాయ్ తాగించి, “బావా, నీ కొడుకు గుమాస్తాగ పనికిరాడు. ఊకె మిల్లోళ్లను పరేషాన్ చెయ్యకు” అన్నాడు. నా జీవితంలో ఇంత గొప్ప మెచ్చుకోలు మళ్లీ దొరకలేదు. తర్వాత కోదాడ నుంచీ మిర్యాలగూడ నుంచీ పెళ్లివాళ్లు బస్సు దిగి “పెట్టె ప్రెస్సు ఏడ?” అని అడిగి వచ్చేవాళ్లు. వడ్ల నమూనాల పెట్టెలు మరో రెండు కొన్నాం.

ఇప్పుడు నేను హైదరాబాదులో ఒక పెద్ద అచ్చాఫీసులో పనిచేస్తున్నాను. ఇక్కడ సీసానికి కొదవ లేదు, కానీ ఏదైనా లైను విప్పే ముందు నా చెయ్యి ఒక్క క్షణం దారం కోసం వెతుకుతుంది. ఆరు మాటలు గోడకు తగిలిస్తే మనుషుల మధ్య తగాదాలన్నీ తీరిపోతాయని నమ్మిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు పెట్టె పనిచేసింది నిజమే. దాని ముందు కూర్చున్నది గిర్నవ్వ కావడం వల్ల ఇంకా బాగా పనిచేసింది. పెళ్లైన కొత్తలో మా ఆవిడకు ఈ కథంతా చెప్పాను. ఆ తర్వాత ఒకసారి ఆమె పెట్టిన చారు గురించి నేను నోరు జారి, వెంటనే “వెనక్కి” అన్నాను. ఆమె గరిటె కింద పెట్టి, ఎంతో శాంతంగా, “మా ఇంట్ల గా అర లేదు” అంది. ఆ రోజు చారు మొత్తం నేనే తాగాను. బాగానే ఉంది.