తోలుబొమ్మకు బంతిపూలు

పొద్దున్నే మోకాళ్ళ మీద వంగి కూర్చున్న యూనీస్‌ను చూసి, కొత్తవాళ్ళు ప్రార్థన చేస్తోందనుకునేవారు. బళ్ళారిలోని ఆ చిన్న మ్యూజియంలో గోడవారన పెట్టిన జిగురు అట్టలకు ఏ పురుగు అంటుకుందో చూసి రాయడం ఆమె పని. పదకొండేళ్ళుగా అదే పని. కాంట్రాక్టు ఏటేటా పొడిగిస్తారు. ఎండలు ఎంత మండినా హాలు కిటికీలు మాత్రం తెరవనివ్వరు.

ఆ వేసవిలో తోలుబొమ్మ ఆంజనేయుడి తోకకు చిల్లులు పడ్డాయి. కింద రవ్వంత పొట్టు, నూగు పురుగులు విడిచిన కుబుసాలు. అట్ట మీద ఆవగింజంత మచ్చల పురుగు. తోలు తినేది దాని పిల్ల. పెద్దది పుప్పొడి తిని బతుకుతుంది, గుడ్లు మాత్రం తోలు మీద పెడుతుంది.

పూలు ఎక్కడివో యూనీస్‌కు తెలుసు. ప్రతి శనివారం ముసలి ఉచ్చంగెమ్మ బంతిపూలు తెచ్చి, ఆ బొమ్మ ఉన్న పాత అద్దాలపెట్టె ముందు పెట్టి దండం పెట్టుకుంటుంది. ఆ బొమ్మను ఒకప్పుడు ఆడించింది ఆమె మామే.

"పూల సంగతి నువ్వు చెప్పొద్దు మేడమ్," అన్నాడు వాచ్‌మన్ హులిగెప్ప. "మాట నిజమే. చెప్పేది చర్చికి పొయ్యే మనిషి. బజారుకు పొయ్యేసరికి కత ఇంకోటైతాది."

చెప్పకపోతే, నెలాఖరుకు పెద్దసారు తనిఖీకి వచ్చి తోక చూస్తాడు. ఆమె ఉద్యోగం పోతుంది. మూడు వారాలు ఆమె ఇటూ అటూ కాకుండా నలిగింది.

శనివారం ఉచ్చంగెమ్మ రాగానే, యూనీస్ తెల్లకాగితం పరిచి ఆమె పూలు దులిపింది. రెండు మచ్చల పురుగులు రాలి, కాసేపు చచ్చినట్టు పడి ఉండి, నడక మొదలుపెట్టాయి.

"అవ్వా, వీటి పిల్లలే తోక తింటాండేది."

"నా పూలల్లోవేనా?" ముసలామె కాగితం మీదికి వంగింది. "ఇన్ని దినాలు ఏమిటికి చెప్పలేదు?"

"నలుగురు ఏమంటారోనని."

"ఏసు బిడ్డ ఆంజినేయుని పూలు ఆపిందంటారు. అంతే కదా." ఆమె నవ్వబోయి మానుకుంది. "బొమ్మ పాతబడితే మేము తుంగభద్రలో వదిలేస్తాంటిమి పాపా. ఆడినన్నాళ్ళు ఆడి, నీళ్ళల్లో పోతాండె. ఈడ మీరు ఆడనీరు, సావనీరు."

యూనీస్ పురుగులతో సహా కాగితం మడిచింది.

ఉచ్చంగెమ్మ పూలు కొంగులో కట్టుకుని గేటు దాకా నడిచింది. కమ్మీకి వాటిని కడుతూ హులిగెప్పతో గట్టిగా అంది: "ఇంక పూలు ఈడనే పెట్టాల. ఎవరన్నా అడిగితే ఉచ్చంగెమ్మ చెప్పిందను."

లోపల యూనీస్ రిజిస్టరు తెరిచింది. 'తోకకు పురుగు. పూలతో వచ్చింది. తెలిసీ మూడు వారాలు నేను చెప్పలేదు' అని రాసి సంతకం చేసింది. తర్వాత బొమ్మను రెండు అట్టల మధ్య పెట్టి, ప్లాస్టిక్‌లో చుట్టి, చలికి పురుగు చావాలని రెండు వారాల పాటు ఫ్రీజర్‌లో పడుకోబెట్టింది.

మూత పడలేదు. బొమ్మకు దారంతో కట్టిన తోక అట్టల పక్కకు జారి, ప్లాస్టిక్‌తో సహా బయటికి వచ్చింది.  యూనీస్ దాన్ని మెల్లగా లోపలికి సర్ది, మూత వేసింది.