పాటల కింద మా ఆయన గొంతు

మొన్న కశింకోటలో మా పెదనాన్నగారి మనవరాలి పెళ్ళికి వెళ్ళాను. అక్షింతలు వేద్దామని వరసలో నిలబడితే, కెమెరా పట్టుకున్న అబ్బాయి పెళ్ళికూతురితో "అమ్మా, తల కొంచెం ఎత్తండమ్మా" అన్నాడు. వాడి తప్పేం లేదు, వాడి పని అది. నేను మాత్రం అక్షింతలు గుప్పిట్లో అలాగే పట్టుకుని మంటపం దిగి వచ్చేశాను. వెనకున్నావిడ "ఏటమ్మా, ఎయ్యడం మరిసిపోనావా?" అని నవ్వింది. మర్చిపోవడం గురించి నాతోనా అనడం! మర్చిపోకుండా ఉండడానికి కిందటి వేసవిలో నేను పడిన పాట్లు ఆవిడకేం తెలుసు.

మా ఆయన పెళ్ళి వీడియోలు తీసేవారు. అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక సందులో, ఒక గొడౌను మీద ఆయన స్టూడియో. స్టూడియో అంటే మీరేదో ఊహించుకునేరు. ఒక గది, ఒక ఫ్యాను, ఒక నల్ల పరదా, ఒక కంప్యూటరు. కింద నుంచి బెల్లం వాసన రోజంతా పైకొచ్చేది. ఆయన చొక్కా ఉతికినా వదిలేది కాదు. ఆ వాసనకి చీమలు మెట్లెక్కి వచ్చి కంప్యూటర్లో కాపురం పెట్టేవి. ఆయన మూత విప్పి, బ్రష్షుతో వాటిని బతిమాలుకుంటూ బయటికి పంపేవారు. ఒక్క చీమని చంపిన పాపాన పోలేదు. నా వంటింట్లోకి వచ్చిన చీమల మీద కూడా అదే జాలి, అది వేరే గొడవ.

ఆ రోజుల్లో పెళ్ళి వీడియో అంటే మిక్సింగే మిక్సింగు. పెళ్ళిలో జనం మాట్లాడుకున్న మాటలన్నీ తీసిపారేసి, వాటి మీద సినిమా పాటలు వేసేవారు. తలంబ్రాలకి హుషారు పాట, అప్పగింతలకి ఏడుపు పాట, విందుకి ఏదో ఒక డప్పుల పాట. పార్టీలే, అంటే పెళ్ళివారే అలా అడిగేవారు. "మా మాటలేటింటాం బాబూ, రోజూ ఇనేవేగదా, మంచి పాటలెయ్యండి" అనేవారు. మాంగల్యధారణ దగ్గర పంతులుగారి గొంతు మాత్రం కాసేపు ఉండనిచ్చి, మళ్ళీ పాటే. ఇన్ని ఊళ్ళ పెళ్ళిళ్ళలో ఇంతమంది నోళ్ళు మూయించారు గానీ నా నోరొక్కటీ మూయించలేకపోయారని నేను ఎగతాళి చేసేదాన్ని. "నీకు సరిపడే పాట ఇంకా రానేదే" అనేవారు. దసరాకి కంప్యూటరుకి పసుపు రాసి బొట్టు పెట్టేవారు. లోపలున్న డిస్కుకి నా పేరు పెట్టుకున్నారు. నేను మురిసిపోయి చూద్దును కదా, నా పేరు కింద ఎర్ర గీత. అదేమిటండీ అంటే, "నిండిపోనాది, ఇంకేటీ పట్టదని" అన్నారు. ఆ పూట కూరలో ఉప్పు కాస్త ఎక్కువే వేశాను.

అలాంటి మనిషి, రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం అదే కుర్చీలో ఒరిగిపోయారు. జబ్బు లేదు, మంచం లేదు, ఒక మాట లేదు. స్టూడియో ఖాళీ చేసేశాం, కంప్యూటరు ఇంటికి తెచ్చి హాల్లో మూల పెట్టాను. జనం ఫొటో చూస్తే మనిషి కళ్ళ ముందు ఉంటాడంటారు. ఉంటాడు. కానీ ఒకరోజు వంటింట్లో, ఆయన నన్ను ఎలా పిలిచేవారో గుర్తు తెచ్చుకుందామంటే మాట వచ్చింది గానీ గొంతు రాలేదు. ఆ గొంతు సన్నమా, బొంగురా? చివర్న సాగదీసేవారా? ఎంత తడుముకున్నా దొరకలేదు. గరిటె పక్కన పెట్టి నేల మీద కూలబడి ఏడ్చాను. ఆయన పోయినరోజు కూడా అంత ఏడవలేదు, అప్పుడు చుట్టూ జనం ఉన్నారు. ఈ రెండోసారి పోవడం మాత్రం నాకొక్కదానికే జరిగింది.

ఇక వెతుకులాట మొదలైంది. ఫోన్లో ఏమీ లేదు. వాయిస్ మెసేజ్ పెట్టడమంటే ఆయనకి నామోషీ. మాటలు మూటకట్టి పంపడమేమిటి, ఎదురుగా వచ్చి చెబుతానుగా అనేవారు. మా అమ్మాయి ఓణీల వేడుక డీవీడీ వేసి చూశాను. అందులో ఆయన పెదవులు కదులుతున్నాయి, నవ్వుతున్నారు, ఎవరినో కేకేస్తున్నారు. పైన మాత్రం పాట! సొంత కూతురి వేడుకకి కూడా పాటే వేసుకున్న మనిషిని ఏమనాలి చెప్పండి. ఉన్న సీడీలన్నీ వేశాను. ఊళ్ళో అందరి ఇళ్ళలో వీడియోలు తీసిన మనిషి, కెమెరా వెనక ఉన్నారు కనక బొమ్మలో లేరు, పాట వేశారు కనక మాటలోనూ లేరు.

ఆయనతో పాటు స్టూడియోలో పనిచేసినాయన ఒకరున్నారు. చుట్టరికం ఏమీ లేదు. ఇద్దరూ బావా అంటే బావా అనుకునేవారు, ఆ లెక్కన నేను ఆయనకి చెల్లెలిని, ఆయన నాకు అన్నయ్య. ఇప్పుడు ఫ్లెక్సీలు వేసుకుంటున్నాడు. నా గోడు విని, లాభం లేదన్నాడు. పాట వెయ్యకముందు తీసిన ముక్కల్లో గొంతులుంటాయి గానీ, పెళ్ళివారు డీవీడీ పట్టుకెళ్ళగానే ఆ ముక్కలు తుడిచేసేవారట, తర్వాతి పెళ్ళికి చోటు కావాలి కదా. లేచి గుమ్మం దాకా వెళ్ళినవాడు ఆగిపోయాడు. "సెల్లెమ్మా, ఆ సీడికాడ పెళ్ళి గుర్తుందా? ఆళ్ళు వీడియో అట్టుకెళ్ళనేదు" అన్నాడు.

గుర్తుంది. చీడికాడ ఊళ్ళో పెళ్ళి చేసుకున్న ఆ పిల్లా పిల్లాడూ వీడియో తయారయ్యేలోగానే విడిపోయారు. తుడిచేద్దాం బావా అని అన్నయ్య ఎన్నిసార్లు అన్నా మా ఆయన వినలేదట. "ఉండనీ బావా. రేపేనాడైనా కలిసేరనుకో, వచ్చి అడుగుతారు. అప్పుడు నేదంటే బాగుంటాదేటి?" అన్నారట. వాళ్ళు కలవలేదు. ఆ పెళ్ళి మాత్రం నా పేరున్న డిస్కులో అలాగే ఉండిపోయింది.

మీట నొక్కితే కంప్యూటరు మూలుగుతూ లేచింది. పెళ్ళి ముక్క తెరిచాం. బొమ్మ కదిలినట్టే కదిలి బిగుసుకుపోయింది, లోపల్నుంచి టక్కు టక్కుమని చప్పుడు. అన్నయ్య గబుక్కున ఆపేశాడు. "డిస్కు ఆఖరికొచ్చేసినాది. తిరుగుతున్నప్పుడే కొత్త డిస్కులోకి లాగేసుకోవాల. ఇప్పి ఇంకోదాంట్లో పెడితే మరి లేవదు" అన్నాడు. ఆ పూటే వెళ్ళి కొత్త డిస్కు కొనుక్కొచ్చాడు. తీరా తగిలిస్తే మా కంప్యూటరు దాన్ని చూడనైనా చూడలేదు. మొదలయ్యాక తెర మీద లోపలున్న డిస్కుల పేర్లు వస్తాయి కదా, నా పేరున్న ముసలిదొక్కటే కనిపించింది, కొత్తదాని ఊసే లేదు. వైరు మార్చాడు, చోటు మార్చాడు. డిస్కు పాడేమోనని షాపుకి పట్టుకెళితే అక్కడ శుభ్రంగా పనిచేసింది. ఇంటికి తెస్తే మళ్ళీ మామూలే. మీట నొక్కిన ప్రతిసారీ ఆ టక్కు టక్కు వినపడేది, నా గుండె కూడా దాంతో పాటే కొట్టుకునేది. ఉన్న ఊపిరంతా ఈ పిలుపులకే అయిపోతుందేమోనని నాకు ఒకటే భయం.

చివరికి అన్నయ్య నుదురు కొట్టుకున్నాడు. "బావ ఎప్పుడో సెప్పేడు. కొత్తవి ఒకటే స్పీడు సెల్లెమ్మా, పాత కంప్యూటరుకి అందవు. డిస్కు ఎనక పిన్నులున్నాయి సూడు, ఆటికి సిన్న టోపీ పెడితే కొత్తది నెమ్మదిస్తాది. అప్పుడు పాతది గుర్తుపడతాది. ఆ టోపీలు బావ ఎక్కడెట్టేవోడో మరి!" నాకు తెలుసు. వక్కపొడి డబ్బాలో. స్టూడియో సామానుతో వచ్చిన ఆ డబ్బాని చెత్తబుట్ట దాకా తీసుకెళ్ళి, మూత మీద ఆయన వేలిముద్రలున్నాయని వెనక్కి తెచ్చి పోపుల పెట్టె పక్కన పెట్టుకున్నాను. తెచ్చి బోర్లిస్తే స్క్రూల మధ్య మినప్పప్పు బద్దంత నల్ల టోపీ దొరికింది. తగిలించి మీట నొక్కాడు. ముసలి కంప్యూటరు కాసేపు ఆలోచించింది. నా పేరు వచ్చింది. దాని కింద, కొత్తదాని పేరు వచ్చింది.

అమ్మయ్య అనుకునేలోపు ఇంకో గండం. కొత్త డిస్కుని వాడుకునే ముందు ఫార్మాట్ చెయ్యాలట, అంటే అందులో ఏమున్నా తుడిచేయడమే. తెర మీద రెండు డిస్కులూ పక్కపక్కనే ఉన్నాయి. ఏది అని అడుగుతోంది. అన్నయ్య మౌసు నా చేతికిచ్చాడు. "నువ్వు సూడు సెల్లెమ్మా, నా కళ్ళు సరిగా ఆనట్లేదు. నీ పేరున్నదాని మీద మాత్రం నొక్కకూడదు" అన్నాడు. కళ్ళు ఆనకపోవడానికి చత్వారం కారణం కాదని నాకూ తెలుసు. నా పేరు నేనే గట్టిగా చదువుకుని, అది కాదు, అది కాదు అనుకుంటూ రెండోదాని మీద నొక్కాను.

లాగడం మొదలుపెట్టాం గానీ పెళ్ళి అంతా రాలేదు. తాళి కట్టేలోగానే పాత డిస్కు పెద్ద చప్పుడు చేసి ఆగిపోయింది. మళ్ళీ లేవలేదు. అన్నయ్య తన కంప్యూటరు తెచ్చి కొత్త డిస్కు తగిలిస్తే, వచ్చినంతవరకు అందులోంచి తెరిచాం. పందిరి, మామిడాకులు, పీటలు, తలొంచుకున్న పెళ్ళికూతురు. బొమ్మ వెనక నుంచి, "తలొంచుకుంటే జడే పడతాది గానీ మొకం పడదమ్మా, ఎత్తు తల్లీ" అన్నారు మా ఆయన.

బొంగురే. చివర్న సాగదీయడమే. అయ్యో, ఇదెలా మర్చిపోయాను! అన్నయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని వసారాలోకి వెళ్ళిపోయాడు. నేను తెరని పట్టుకుని ఏడ్చాను. పాపం ఆ పెళ్ళికూతురు తలెత్తి నవ్వుతోంది, తన కాపురం నిలవదని ఆ పిల్లకి అప్పటికి తెలియదు. వాళ్ళది విరిగిపోబట్టి నాకీ గొంతు మిగిలింది. ఆ పిల్ల ఎక్కడున్నా చల్లగా ఉండాలని దండం పెట్టుకున్నాను.

ఇంకాస్త ముందుకి వెళితే, కెమెరా స్టాండు మీద వదిలేసి పక్కకి వెళ్ళినట్టున్నారు. బొమ్మలో ఖాళీ పీటలే ఉన్నాయి. ఆయన ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నారు. "ఆఁ, నేనే. తిన్నావేటే?" కాస్త ఆగారు. "ఇంకా నేదా! ఈలకింకా అవనేదు. నాకోసం కాసుక్కూకోకు, తినెయ్." మళ్ళీ ఆగారు. "సర్లే సర్లే. వచ్చేత్తాను."

ఏ పెళ్ళికి వెళ్ళినా భోజనాలవేళకి నాకు ఫోన్ చెయ్యడం ఆయన అలవాటు. ఆ రోజు నేనేం జవాబిచ్చానో నాకు గుర్తు లేదు. విసుక్కునే ఉంటాను, రోజూ ఉండే ఫోనే కదా. ఆయన ఆగినచోట నా మాట లేదు, ఖాళీగా ఉంది. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం కంచం ముందు పెట్టుకుని ఆ ముక్క వింటాను. తిన్నావేటే అంటారు. ఇంకా నేదండీ, మీరొచ్చేయండి అని ఆ ఖాళీలో చెబుతాను. వచ్చేత్తాను అంటారు. ఆ రోజు సాయంత్రం నిజంగానే వచ్చేసి ఉంటారు, బెల్లం వాసన చొక్కాతో, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు ఏవే అంటూ. వస్తానన్న మనిషి పొద్దుగూకేసరికి వచ్చేసిన రోజులు నాకు ఎన్ని గడిచిపోయాయో. అప్పుడవి మామూలు రోజులే అనుకున్నాను.