ఎర్రమ్మ లెక్కలో తొమ్మిదో నెల

1998వ సంవత్సరం. తమిళనాడులో కోవిల్‌పట్టికి ఉత్తరాన ఒక సబ్‌సెంటర్‌లో విలేజ్ హెల్త్ నర్సుగా నాకు అది ఆరో ఏడు. సబ్‌సెంటర్ అంటే ఒకే గది. ఒక బల్ల, ఒక తూకం, మందుల బీరువా. అక్కడి నుంచి ఏడు ఊళ్ళు చూసుకోవాలి. ఆరు ఊళ్ళకు సైకిలు పోయేది. ఏడోదానికి ఏరు దాటాలి.

దాని పేరు నడుమేడు. ఏరు రెండు పాయలుగా చీలి మళ్ళీ కలిసే చోట, మెరక మీద ముప్పై నాలుగు గడపలు. అందరూ తెలుగు మాట్లాడే సేద్యగాళ్ళే. ఏడాదిలో చాలా నెలలు ఏటిలో ఇసుకే ఉంటుంది, దాని మీద బండ్లు తిరుగుతాయి. అప్పుడు చూసినవాళ్ళు దాన్ని దీవి అంటే నమ్మరు. ఐప్పసి, కార్తిక మాసాల్లో, అంటే అక్టోబరు సగం నుంచి డిసెంబరు సగం దాకా, పడమటి కొండల్లో వాన పడితే రెండు పాయలూ నిండుతాయి. పడవ లేదు, వంతెన లేదు. లారీ ట్యూబు మీద ఉప్పు, కిరసనాయిలు దాటించుకుంటారు. నీళ్ళు ఉరవడిగా ఉంటే అదీ లేదు. బడి పంతులు రాడు. వీధిలో నల్లరేగడి మోకాటి దాకా దిగబడుతుంది. అందుకని అంతకు ముందు నెలైన పురటాసిలోనే పప్పు, మిరపకాయలు, కట్టెలు ఇంట్లో చేర్చుకుంటారు. జబ్బులకు మాత్రం ఏ ఏర్పాటూ ఉండేది కాదు.

నేను చదివిందంతా తమిళ బడిలో. తెలుగు మా అమ్మ ఇంట్లో నేర్పింది. ఆ ఊళ్ళో నాకు తలుపులు తెరిపించింది ఆ తెలుగే. అందుకు ఈనాటికీ ఆమెను తలుచుకుంటాను.

ఆ ఊరి ఎర్రమ్మకు కోడలు రామలచ్చిమి. తొలి కాన్పు. పుట్టిల్లు విరుదునగర్, తండ్రి అక్కడ నూనె మిల్లులో పని చేసేవాడు. పురటాసి ఆఖరి రోజున నేను ఆమెను చూడడానికి పోయేసరికి ఏటిలో మోకాటి లోతు నీళ్ళు వచ్చి ఉన్నాయి. దాటే ముందు ఎప్పటిలాగే ఒక నిమిషం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను.

బీపీ నూట యాభైకి వంద ఉంది. పాదాలు ఉబ్బి, నొక్కితే వేలి గుంట అలాగే నిలిచింది. మూత్రాన్ని టెస్ట్ ట్యూబులో పోసి స్పిరిట్ దీపం మీద వేడి చేస్తే పైన విరిగిన పాలలా తెల్లగా పేరుకుంది. రెండు చుక్కలు ఆసిడ్ వేసినా కరగలేదు. దాన్ని ఆల్బుమిన్ అంటాం. ఈ మూడూ కలిస్తే ఫిట్స్ రావచ్చు, తల్లీ బిడ్డా ఇద్దరూ పోవచ్చు. ఏరు నిండాక అలా జరిగితే నా సంచిలోని మందులతో నేను చేయగలిగింది ఏమీ లేదు.

"అత్తా, పిల్లని ఈ పొద్దే విరుదునగర్ ఆసుపత్రికి తీసుకపోవాల," అన్నాను.

ఎర్రమ్మ మినుములు చెరుగుతూ తల ఎత్తలేదు. "గాజులేయకుండా యాడికి పంపేది? ఏడో నెల్లో మా పెద్దబావ పోయె, అంటు. చేయలేకపోతిమి. ఇంక తొమ్మిదిలోనే."

ఆమె చెప్పింది వళైకాప్పు గురించి. గర్భిణికి గాజులు తొడిగే వేడుక అది. ఏడులోనో తొమ్మిదిలోనో చేయాలి, సరి నెలలో పనికిరాదు. గాజులు పడకుండా కోడలు ఏరు దాటి పుట్టింటికి పోయే వాడుక ఆ ఊళ్ళో లేదు.

"ఇప్పుడు ఎనిమిదని నీ కార్డులోనే ఉండాది గదా నర్సమ్మా. ఇంకో నెల పోనీ," అంది ఎర్రమ్మ.

"ఇంకో నెలకి ఏరు నిండిపోతాది."

"నిండనీ. నేను ఐదుగుర్ని ఈడనే కంటిని. నా చేతికి ఎవురు పట్టీ చుట్టి చూసిరి?"

"నీకు కాళ్ళు ఇట్ల ఊదినాయా?"

"ఊదితే ఏమి, కాళ్ళతోనా కనేది?"

చూడవచ్చిన ఆడవాళ్ళు నవ్వారు. రామలచ్చిమి నవ్వలేదు. "కళ్ళ ముందర మిణుగురులు తిరగతా ఉండాయి," అంది మెల్లగా. ఫిట్స్‌కు ముందు కనిపించే గుర్తుల్లో అదీ ఒకటి.

ఆమె భర్త గురుసామిని అడిగితే, "అమ్మ చెప్పినాక నేను చెప్పేదేముండాది అక్కా," అన్నాడు.

గంటసేపు వాదించాను. బెదిరించాను కూడా. నేను బెదిరించేకొద్దీ ఎర్రమ్మ బిగుసుకుంది. ఇక చెప్పడానికి ఏమీ మిగలక, "నీ లెక్కలో ఇది ఎన్నో నెల అత్తా?" అని అడిగాను.

"నా లెక్క నీకెందుకమ్మా. వేళ్ళ లెక్క తప్పు, కార్డు లెక్కే లెక్క అని నువ్వే గదా అంటివి. ఊరందరి ముందర."

నిజమే, అన్నాను. నాలుగు నెలల ముందు, ఆ వాకిట్లోనే.

"అంటి. ఇప్పుడు నువ్వు చెప్పు, వింటాను."

ఆమె చేట కింద పెట్టి బొటనవేలితో కణుపులు ముట్టుకుంటూ పోయింది. "మాసిలో ఆకరిగా తలకి పోసుకునె. మాసి ఒకటి. పంగుని, చిత్తిరి, వైకాసి, ఆని, ఆడి, ఆవణి. పురటాసి ఎనిమిది. తెల్లారితే ఐప్పసి." వేలు తొమ్మిదో కణుపు మీద ఆగింది.

మా కార్డులో నిండిన నెలలే రాస్తాం. ఎనిమిది నిండితే ఎనిమిది, తొమ్మిది అని రాయడానికి ఇంకో నెల పడుతుంది. వాళ్ళు నడుస్తున్న నెలను లెక్కపెడతారు, అదీ ఆఖరిసారి ముట్టయి తలకు పోసుకున్న నెల మొదలుకొని. రెండూ సరైన లెక్కలే. నేను ఒకదాన్ని తప్పన్నాను, ఆమె నన్ను నమ్మింది.

"అయితే రేపు తొమ్మిదే," అంది ఎర్రమ్మ.

"తొమ్మిదే అత్తా."

"నీ కార్డు?"

"కార్డుకి నేను చెప్పుకుంటాను."

ఆ రాత్రి అక్కడే ఉండి బీపీ చూస్తూ వచ్చాను. తెల్లవారి కొత్త గాజులు దొరికే దారి లేదు. పక్కింటామె తన చేతివి రెండు తీసి, "నలుగురిని కన్న చెయ్యి ఇది, ఏమీ కాదు పో," అంది. మిగతావాళ్ళూ అలాగే తలా రెండు తీశారు. కొన్ని వదులు, కొన్ని బిగువు. "ముందు నా పట్టీ, తరువాత మీ గాజులు," అని నేను బీపీ చూశాకే తొడగనిచ్చాను. వేడుకకు ఉండాల్సిన పులిహోర, పెరుగన్నం మాత్రం కలిపారు. నలుగురు మగవాళ్ళు తొడలోతు నీళ్ళలో ఆమెను మంచం మీద దాటించారు. గురుసామీ నేనూ బస్సులో విరుదునగర్ తీసుకుపోయాం.

నాలుగో రోజున ఏరు నిండింది. ఆరో రోజున ఆసుపత్రిలో రామలచ్చిమికి ఫిట్స్ వచ్చింది. డాక్టరమ్మ పక్కనే ఉంది, ఇంజెక్షన్ సిద్ధంగా ఉంది. మరునాడు ఆడపిల్ల పుట్టింది, రెండు కిలోలు లేదు. ఇద్దరూ బతికారు. ఆ డాక్టరమ్మ కోసం చాలా ఏళ్ళు ప్రార్థన చేశాను.

ఈ మాట ఎర్రమ్మకు చేర్చాలి. తిరిగి వచ్చి గట్టున నిలబడి అరిస్తే, ఏటి హోరులో అరుపు అవతలికి పోలేదు. ఇవతలి ఊరి ఆడవాళ్ళను గట్టు మీదికి పిలిచి కులవ వేయమన్నాను. నాలుక ఆడిస్తూ ఆడవాళ్ళు వేసే ఆ కేక శుభానికే వేస్తారు, చాలా దూరం పోతుంది. మూడోసారికి అవతల నుంచి జవాబు వచ్చింది.

ఎర్రమ్మను బాగా ఒప్పించావని మా సెంటర్‌లో నన్ను మెచ్చుకున్నారు. ఆమెకు లెక్క ముందే తెలుసు, ఆమెను చెప్పనీయకుండా చేసింది నేను. నీళ్ళు తగ్గాక ఆ ఊళ్ళో కడుపుతో ఉన్న మిగతా ముగ్గురి ఇళ్ళకూ పోయి, మీ లెక్కలో ఎన్నో నెల అని అడిగి, కార్డు అంచున పెన్సిల్‌తో రాసుకున్నాను. ఆ తరువాత అన్ని ఊళ్ళలోనూ అదే అలవాటయింది.

తనిఖీకి వచ్చిన మేడమ్ ఒకరు అది చూసి, ఇది ఏ కాలమ్ అని అడిగారు. ఫారంలో అలాంటి కాలమ్ లేదని చెప్పాను. చెరిపేయమన్నారు. ఆమె ఎదుటే చెరిపాను. ఆమె జీపు మలుపు తిరిగాక మళ్ళీ రాశాను.