పల్చటి అడుగు బూట్లు

సోమలింగం పాల ప్యాకెట్టును కూడా నమ్మడు. ఇంటికి తేగానే వేలితో నొక్కి, వెలుతురుకు ఎత్తి చూసి, వాసన పీల్చి, అప్పుడుగానీ భార్య పద్మారాణి చేతికివ్వడు. సూరత్ వచ్చి ఇరవై రెండేళ్లయింది. డిండోలిలో అద్దె గది, ఉధ్నాలో సాంచాల (మరమగ్గాల) కార్ఖానా, ఈ రెంటి మధ్య షేర్ ఆటో. ఆ ఆటోలో పక్కవాడు పలకరింపుగా నవ్వినా జేబు తడుముకునే రకం. సిరిసిల్లలో బస్సెక్కించేటప్పుడు తల్లి "జర పైలం బిడ్డా" అన్న ఒక్క మాటను ఇంతలా ఒంటికి పట్టించుకున్నాడేమిటని పద్మారాణి మొదట్లో ఆశ్చర్యపోయేది. ఇప్పుడు ఆశ్చర్యం పోయి విసుగు మిగిలింది.

అలాంటి మనిషిని రెండో వేవ్‌లో కరోనా పట్టుకుంది. ఏప్రిల్ ఆఖరు వారం, పగటి షిఫ్టు నడుస్తోంది. తన పన్నెండు సాంచాల మధ్య నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలబడ్డాడు. చెప్పులైనా తొడగకుండా మోసుకెళ్లి ఆటోలో వేశారు. పందొమ్మిది రోజులు ఆస్పత్రి. ప్రాణం దక్కింది గానీ ఊపిరి సగమే వెనక్కి వచ్చింది. నాలుగు మెట్లెక్కితే కూర్చోవాలి.

కార్ఖానాలో ఒక పద్ధతి ఉంది. పనివాడు రాకపోతే వాడి సాంచాలను బదలీవాడు నడుపుతాడు. అసలువాడు రెండు నెలలు దాటినా రాకపోతే ఆ వరుస బదలీవాడిదైపోతుంది. ఎవరూ రాసిపెట్టని ఆచారం ఇంకొకటుంది. ఎవరి వరుస మొదట్లో వాళ్లు చెప్పులు విడుస్తారు. ఆ చెప్పులు అక్కడున్నంతకాలం వరుస ఆ మనిషిదే. బదలీవాడు తన చెప్పులు బయట వాకిట్లో విడిచి రావాలి. సోమలింగం చెప్పులు ఆ రోజు అక్కడే ఉండిపోయాయి.

బదలీకి వచ్చింది లస్మయ్య. సోమలింగం కంటే ఆరేళ్లు చిన్న, ఒకే గల్లీ, "సోమన్నా" అంటూ పదేళ్లుగా వెంట తిరిగినవాడు. భయమంతా అక్కడే ఉంది. పరాయివాడైతే వచ్చి పోతాడనుకోవచ్చు. కానీ ఇన్నాళ్లూ వారానికో కార్ఖానాలో బదలీ చేసుకుంటూ బతికిన లస్మయ్యకు పన్నెండు సాంచాలు నోటిదాకా వస్తే, ఉమ్మేస్తాడా?

"సేట్ చెప్పిండన్నా. జూన్ ఆఖరు లోపల ఊపిరి మంచిగుందని చీటీ తేవాలెనట," అని ఫోన్లో చెప్పింది కూడా లస్మయ్యే. "నువ్వు తొందరపడకు."

తొందరపడకూడదట! చూశారా? ఆ ఒక్క మాట సోమలింగం చెవిలో మూడు రోజులు గింగిరాలు తిరిగింది.

ఆ చీటీ రాసేది హరిణి. హజీరాలో ఇంజినీరుగా పనిచేసే సుబ్బారావు గారి అమ్మాయి, ఫిజియోథెరపీ చదివింది. కరోనా నుంచి లేచినవాళ్ల కోసం డిండోలిలోని కులసంఘం హాల్లో రోజూ పొద్దున వచ్చి కూర్చునేది. లాక్‌డౌన్లో తండ్రి మోజుపడి కొనుక్కుని, నెలకే మూలపడేసిన రోయింగ్ మిషన్ను ఆ హాలుకు తెప్పించింది. పొడుగాటి కడ్డీ మీద ముందుకూ వెనక్కూ జారే పీట, ఎదురుగా పాదాలు ఆనించి పట్టీ బిగించే పలకలు, చేత్తో లాగే పిడి. నీళ్లూ లేవు, పడవా లేదు, మనిషి మాత్రం తెడ్డు వేసినట్టు లాగాలి.

"ఇరవై నిమిషాలు ఆపకుండా లాగి, వేలికి పెట్టిన మీటర్లో ఆక్సిజన్ తొంభై నాలుగుకు తగ్గకపోతే సంతకం పెడతాను బాబాయ్ గారూ," అంది హరిణి.

సోమలింగం వేలి మీటరును కూడా అటూ ఇటూ తిప్పి చూశాడు. వట్టి కాళ్లతో కూర్చున్నాడు. పట్టీ పాదం మీది చర్మాన్ని ఒరిసేసింది, చెమటకు మడమ జారింది. నాలుగో నిమిషానికి హరిణే ఆపించింది.

"బూట్లు కావాలి. మెత్తగా, మందంగా ఉన్నవి తేకండి. అడుగు పల్చగా, చదునుగా ఉండాలి. ముందుకు జరిగినప్పుడు మడమ లేస్తుంది కదా, అప్పుడు బూటు కూడా వంగాలి. వేళ్లు విప్పుకోవడానికి చోటుండాలి."

"ఏ దుకాణంల కొనాలె?" అన్నాడు కన్ను చికిలించి.

"ఎక్కడైనా కొనుక్కోండి. మామూలు కాన్వాస్ బూట్లు చాలు."

దుకాణం పేరు చెప్పి ఉంటే కమీషన్ అనుకునేవాడు. చెప్పకపోయేసరికి ఇంకేదో ఉందనుకున్నాడు.

మర్నాడు సాయంత్రం పద్మారాణి కూరగాయల సంచిలోంచి ఒక అట్టపెట్టె తీసింది. తెల్లటి కాన్వాస్ బూట్లు. అడుగు రొట్టెంత పల్చగా ఉంది.

"లస్మయ్య ఇచ్చిపోయిండు. హరిణమ్మను అడిగి కొన్నడట."

"ఆమె దగ్గర వీనికేం పని?"

"నీ కోసమే పోయిండయ్యా!"

సోమలింగం ఒక బూటు తొడుక్కున్నాడు. అతికినట్టు సరిపోయింది. వేళ్ల దగ్గర వెడల్పు, మడమ దగ్గర పట్టు, అన్నీ కొలిచి కుట్టినట్టున్నాయి. అంతే, కాలి నుంచి లాగేశాడు. తన కాలి కొలత లస్మయ్యకెలా తెలుసు? ఫోన్లో అడగలేదు, పద్మారాణికే తెలియదు. ఉన్న దారి ఒక్కటే. కార్ఖానాలోని తన చెప్పులు వాడు చేతబట్టాడు. చెప్పులు తీశాడంటే వరుస తీసుకున్నట్టే.

"నా చెప్పులు తీసి పారేసి, వాటి బదులు ఇవి పంపిండు," అన్నాడు. "గీ పల్చటి బూట్లేసుకుని నేను పడిపోవాలె, చీటీ రావద్దు. అర్థమైతలేదా నీకు?"

"నీ అనుమానం పాడుగాను!" అంది పద్మారాణి.

అతను వినే స్థితిలో లేడు. ఉధ్నా స్టేషన్ రోడ్డుకెళ్లి, దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా లావుపాటి అడుగున్న స్పోర్ట్స్ బూట్లు కొన్నాడు. హరిణి వద్దన్నవి, లస్మయ్య పంపినవాటికి ఏ రకంగానూ పోలికలేనివి. నొక్కితే పరుపులా దిగుతున్నాయి. జీవితంలో మొదటిసారి తనను ఎవరూ మోసం చేయలేదన్న ధీమాతో ఇంటికొచ్చాడు.

ఆ బూట్లతో ఐదు రోజులు లాగాడు. కాలితో తన్నిన బలమంతా ఆ మెత్తటి అడుగే మింగేసింది. మడమ ఎత్తు వల్ల మోకాళ్లు పీకాయి, లావుపాటి అంచు పట్టీలో ఇరుక్కుని పాదం పక్కకు ఒరిగింది. తొమ్మిది నిమిషాలు దాటలేదు.

"పరుపు మీద నిలబడి గంగాళం ఎత్తుతున్నట్టుంది మీ పని. ఊపిరి బాగానే ఉంది బాబాయ్ గారూ, బూట్లే మీకు అలుపు తెస్తున్నాయి," అంది హరిణి.

ఇల్లు చేరి గోడకానుకుని కూర్చున్నాడు. గడువుకు రెండే రోజులు. పద్మారాణి ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"దవాఖానల నీకు గాలి గొట్టం పెట్టినప్పుడు గేటు బయట నాతోని ఎవరున్నరో ఎరుకనా? నీ అన్నదమ్ములా? రోజూ లస్మయ్యనే వచ్చిండు. నేను పస్తులుంటనని బిస్కెట్ పూడ తెచ్చేటోడు. రేపు నువ్వు ఆ తెల్ల బూట్లు ఏసుకోకపోతే నేను నీతోని మాట్లాడ, అంతే!"

ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. నమ్మాడా అంటే, పూర్తిగా లేదు. అయినా పెళ్లానికి భయపడి మర్నాడు తెల్ల బూట్లు తొడిగాడు. పట్టీ బిగించి ఒక్కసారి తన్నేసరికి పలక గట్టితనం అరికాలికి తెలిసింది. చిన్నప్పుడు తండ్రి గుంట మగ్గంలో కూర్చోబెట్టి, తొక్కుడు చెక్కలను పాదంతోనే కనిపెట్టాలని నేర్పిన రోజులు గుర్తొచ్చాయి. కాలు తన పని గుర్తుపట్టింది. పది నిమిషాలు, పదిహేను. గొంతెండిపోయింది గానీ ఆపలేదు. ఇరవై దాటాక హరిణి మీటరు చూసి చప్పట్లు కొట్టింది. తొంభై ఐదు.

చీటీ జేబులో పెట్టుకుని, ఇంటికి వెళ్లకుండా నేరుగా ఉధ్నాకు ఆటో ఎక్కాడు. కబురు పెట్టకుండా వెళ్లాలి. చెప్పులు లేని ఆ ఖాళీ చోటును తన కళ్లతో చూడాలి, అప్పుడు లస్మయ్యను పదిమందిలో నిలదీయాలి. దారంతా అనవలసిన మాటలు కూడబెట్టుకున్నాడు.

వాన పడుతోంది. కార్ఖానా వాకిట్లో చూరు నీళ్లకింద ఒక చెప్పుల జత నానిపోతోంది. తెగిన పట్టీకి సాంచా దారంతో ముడి. లస్మయ్యవే. సోమలింగం ఒక్క క్షణం ఆగి లోపలికి అడుగుపెట్టాడు.

లోపల ఎప్పటిలాగే చెవులు చిల్లులుపడే చప్పుడు. కిటికీల మీద, తీగల మీద, బీముల మీద దారపు నూగు తెట్టెకట్టి ఉంది. దాని మధ్య తన వరుస మొదట్లో తన చెప్పులు. విడిచినచోటే, విడిచినట్టే. వాటి మీద మాత్రం ఒక్క పోగు నూగు లేదు.

లస్మయ్య సాంచాల సందులోంచి చూసి పరుగున వచ్చాడు. "అన్నా! చీటీ వచ్చిందా?"

సోమలింగం కూడబెట్టుకున్న మాటలు పక్కనపెట్టి చెప్పుల వైపు చూపించాడు. "ఎవరు తుడిచిండ్రు?"

"నేనే, రోజూ షిఫ్టు ఎక్కంగనే." లస్మయ్య చప్పుడుకు పైగా అరిచి చెప్పాల్సి వచ్చింది. "నువ్వు పడిపోయిన నెలల ఇంకో మూడు జతలకు నూగు పట్టిందన్నా. ఇంక రారులే అని సేట్ ఊడ్పిచ్చిండు. వాళ్లు నిజంగనే రాలె. నీ చెప్పులకు పట్టనియ్యద్దనుకున్న. ఒక్కరోజు మాత్రం అట్ట మీద పెట్టి గీత గీసుకున్న, బూట్ల కొలతకు. మళ్ల అక్కడనే పెట్టిన."

సోమలింగానికి ఊపిరి ఆడలేదు. ఈసారి జబ్బు వల్ల కాదు. సిగ్గుతో తల ఎత్తలేక, చీటీ కూడా చూపించకుండా వెనక్కి తిరిగి వాకిట్లోకి నడిచాడు.

"అన్నా, ఏమైంది?" అంటూ లస్మయ్య రెండడుగులు వేశాడు.

సోమలింగం వానలో నానుతున్న ఆ చెప్పులను తీసి, నీళ్లు విదిలించి, తన చొక్కా అంచుతో తుడిచాడు. లోపలికి తెచ్చి తన చెప్పుల పక్కన పెట్టాడు.

"రేపటి సంది ఇక్కడనే విడువు," అన్నాడు. "పన్నెండు నాతోని కాదు. ఆరు నువ్వు చూసుకో."

లస్మయ్య కళ్లు తుడుచుకుని, సోమలింగం పాదాల వైపు వంగి చూశాడు. "బూట్లు మంచిగనే వచ్చినయా అన్నా?"

"మంచిగనే వచ్చినయిరా," అన్నాడు సోమలింగం.