చెక్క రాజు

నలభై ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఆయనకు తెలియదు, పిల్లలకూ తెలియదు. మీకు చెబుతాను, మధ్యలో ఆపకండి. ఇందులో సిగ్గు ఎంత ఉందో గర్వమూ అంతే ఉంది, ఏం చెయ్యను!

ఎనభైల మొదట్లో న్యూయార్క్‌కి గంట దూరంలో ఉన్న పిస్కాటవేలో ఉండేవాళ్లం. నాకు అప్పుడే డ్రైవింగ్ లైసెన్స్ వచ్చింది. న్యూయార్క్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీలున్నాయని విన్నప్పటి నుంచీ చూడాలని ఒకటే ఆరాటం. మా ఆయన నవ్వారు. "న్యూయార్క్‌లో నువ్వు డ్రైవ్ చేస్తావా? నది కింది టన్నెల్ దాకా వెళ్లి ఏడుస్తూ ఫోన్ చేస్తావ్."

అంతే, పంతం పట్టాను. ఆ శనివారం ఆయన ల్యాబ్‌కి వెళ్లగానే, ఇండియా నుంచి వచ్చి మా దగ్గరున్న అత్తయ్యను కార్‌లో కూర్చోబెట్టుకుని బయలుదేరాను. వెనక హారన్లే హారన్లు. అయినా టన్నెల్ దాటాను! పార్క్ కూడా చేశాను!

మ్యూజియం మెట్ల దగ్గర అత్తయ్య ఆగిపోయారు.

"ఏమ్మా, లోపల శవాలేం ఉండవు కదా? కార్తీకమాసం, నిష్ఠలో ఉన్నాను. చూస్తే మైల."

"అబ్బే, శవాలెందుకుంటాయి అత్తయ్యా! అన్నీ చెక్క బొమ్మలే."

అంత తేలిగ్గా ఎలా అనగలిగాను? వెనక్కి తిరిగితే మా ఆయన మాటే నెగ్గుతుందనా? అవును, అందుకే.

గాజు పెట్టెలో గుడ్డలు చుట్టి పడుకోబెట్టిన రాజు ముందు అత్తయ్య చాలాసేపు నిలబడ్డారు. "ఎంత బాగా చేశారే! ప్రాణమొక్కటే తక్కువ" అని మురిసిపోయారు. గర్వంతో నా కాళ్లు నేల మీద ఆనలేదు.

ఇంటికి రాగానే ఆవిడ కాళ్లు కడుక్కుని, తిన్నగా కిటికీ దగ్గరున్న తులసి కుండీ ముందు దీపం పెట్టారు. ముందు స్నానం చెయ్యమని అప్పుడైనా చెప్పొచ్చు. వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను, నోరు విప్పలేదు. మెట్ల దగ్గర ఆడిన అబద్ధం కంటే ఆ మౌనమే నన్ను ఎక్కువ తినేసింది. ఆ చలిలో తెల్లవారుజామునే చన్నీళ్లు పోసుకుని, ఒంటిపూట తిని ఆవిడ కాపాడుకున్న నిష్ఠ నా పంతానికి బలైపోయింది.

ఆ తర్వాత బతికున్నన్నాళ్లూ, ఇంటికి ఎవరొచ్చినా ఆవిడది ఒకటే మాట. "మా కోడలు టన్నెల్లోంచి కార్ నడిపి నాకు చెక్క రాజును చూపించింది!" అమ్మే పొరబడిందనుకుని మా ఆయన నవ్వేవారు; ఆ గొప్ప వింటూ నేను ప్రతిసారీ తలూపాను.

ఆ రోజు మళ్లీ వస్తే టన్నెల్ మాత్రం దాటి తీరుతాను. మెట్ల దగ్గర ఏమంటానో తెలియదు.

అత్తయ్యా, అది చెక్క కాదు. మనిషే.

హమ్మయ్య, అనేశాను.