పడ్డవాడి చొక్కా

ఇరవై ఆరేళ్ళుగా ఫుట్‌బాల్ క్లబ్బులో పనిచేస్తున్న మనిషి ఒక్క ఆట కూడా పూర్తిగా చూడలేదంటే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనివ్వండి, సంగతి మాత్రం అదే. ఆమె గది స్టేడియం మెట్ల కింద, సగం నేలలోకి దిగి ఉంటుంది. రెండు పెద్ద వాషింగ్ మిషన్లు, ఒక సిమెంటు తొట్టి, గోడ పొడవునా ఒక చెక్కబల్ల. తలకంటే ఎత్తులో, మైదానం గడ్డికి సరిసమానంగా జానెడు కిటికీ. స్టూలెక్కి చూస్తే ఆటగాళ్ళ కాళ్ళు మోకాళ్ళ దాకా కనిపిస్తాయి, మొహాలు కనిపించవు. గోల్ పడిందో లేదో జనం అరుపుని బట్టి తెలుసుకోవాలి. ఎవడెలా ఆడాడో సాయంత్రం తన బల్ల మీద తెలుసుకోవాలి.

ఆటగాళ్ళందరికీ ఆమె అత్త. ఆ పిలుపు ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఆమెకంటే రెండేళ్ళు పెద్దవాడైన కోచ్ కూడా మొహమాటం లేకుండా అత్తా అనే పిలుస్తాడు.

ఆట అయ్యాక బట్టలు బుట్టల్లో వస్తాయి. ఇంకొకరైతే అన్నీ కలిపి మిషన్లో కుక్కి చేతులు దులుపుకుంటారు. అత్త అలా చేయదు. ఒక్కో ఆటగాడి చొక్కాని బల్ల మీద చేతులు చాపి పరుస్తుంది. దాని కింద నిక్కరు, ఆ కింద మేజోళ్ళు, చివర బూట్లు. చూడ్డానికి లోపల మనిషి లేడన్న మాటే గానీ మిగతా అంతా ఉన్నట్టే ఉంటుంది. ఒక్కో మరకకి ఒక్కో మందు మరి. నెత్తురుకి చన్నీళ్ళే పొయ్యాలి, వేణ్ణీళ్ళు తగిలాయా ఇక జన్మలో పోదు. గడ్డి పసరుకి స్పిరిట్టు రాయాలి. బురదని ఎండనిచ్చి దులపాలి. పరిచి చూడకుండా ఏ మరక ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? ఈ అలవాటు ఆమెకి అంతకుముందు చేసిన ఆసుపత్రి లాండ్రీలో పట్టుబడింది. దుప్పటి నలిగిన తీరు చూసి రోగికి నిద్ర పట్టిందో లేదో చెప్పేది. నర్సులు మొదట నవ్వారు. తర్వాత్తర్వాత వాళ్ళే వచ్చి అడిగేవాళ్ళు.

అలా ఇరవై ఆరేళ్ళు పరవగా పరవగా, మనుషులు పడే తీరు ఆమెకి బాగా తెలిసిపోయింది. నిజంగా పడ్డవాడు చేతులు ఆన్చుకుంటాడు. పడాలని ఎవడూ అనుకోడు కదా, ముందు చెయ్యే పోతుంది. అందుకని ముంజేతుల దగ్గర మట్టి, ఒక పక్క తుంటి మీద పసరు, ఒక మోచేతికి గీరుడు. మొత్తం ఒక పక్కకే ఉంటుంది. ఇక ఎవడైనా తన్నాడా, మేజోడు మీద నల్లటి చార ఉండి తీరుతుంది, లేకపోతే దారప్పోగులు లేచి ఉంటాయి.

ఈ లెక్కకి అందని చొక్కా ఒక్కటే. అది పిచ్చుకది.

పిచ్చుక అంటే కుడి అంచున పరుగెత్తే కుర్రాడు. మనిషి గుప్పెడంత, వేగం చెప్పక్కర్లేదు. వాడి చొక్కాకి రొమ్ము మీద నిండుగా పచ్చటి పసరు, నిక్కరు ముందు రెండు పక్కలా సమానంగా మట్టి, చేతుల అంచులు మాత్రం ఇస్త్రీ చేసినంత శుభ్రం. మేజోళ్ళు చూస్తే మచ్చ లేదు. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, ఏడాదంతా ఇదే వరస. అత్తకి కోపం రాలేదు, ఆశ్చర్యమేసింది. ఆరా తీయకుండా ఉండలేని మనిషి ఆమె. ఒకరోజు వాణ్ణి గదిలోకి పిలిచి చొక్కా చూపించింది.

"ఒరేయ్, ఇవి పడ్డవాడి బట్టలు కావురా, పడుకున్నవాడి బట్టలు. ఏంటి సంగతి?"

వాడు పకపకా నవ్వాడు. "దీన్ని డైవ్ కొట్టడం అంటారత్తా, కావాలని పడటం. చేతులు ఆన్చుకుంటే ఎవడు చూస్తాడు? పైకెత్తితే మైదానం మొత్తం చూస్తుంది."

"తన్నకుండానే?"

నవ్వు ఆపి ప్యాంటు పైకి లాగి పిక్కలు చూపించాడు. పాత మచ్చలు, ఒకదాని మీద ఒకటి. "ఇవి ఇంతకుముందు క్లబ్బులో తిన్నవి. అప్పుడు పడేవాణ్ణి కాదు. తన్నినా తూలుకుంటూ పరిగెత్తేవాణ్ణి, మగాణ్ణి కదా అని. రెండేళ్ళలో ఒక్క రిఫరీ ఈల ఊదలేదు. నిలబడ్డవాడికి దెబ్బ తగల్లేదనే అనుకుంటారత్తా వాళ్ళు. గోల్స్ లేవు, పేరు లేదు, ఇంటికి పంపించారు. అప్పుడు పడటం నేర్చుకున్నా. ఇది అబద్ధం కాదు, కాస్త గట్టిగా చెప్పడం."

"తన్నినప్పుడు గట్టిగా చెప్తే సరే. తన్ననప్పుడు కూడానా?"

"అలవాటైపోయింది," అన్నాడు, ఈసారి నవ్వకుండా.

ఆ సమాధానం అత్త బుర్రలో చాలా రోజులు తిరిగింది. వాడి పిక్కలు చూస్తే వాడిదే న్యాయం అనిపించేది. వాడి మేజోళ్ళు చూస్తే కాదనిపించేది. కోచ్‌ని అడిగితే "ఊదేది రిఫరీ, మనకెందుకు" అన్నాడు. క్లబ్బు డాక్టరుని అడిగితే మందు పెట్టెలోకి చూస్తూ దగ్గాడు. ఎవరూ తిన్నగా చెప్పలేదు. చివరికి ఆమె ఎప్పటిలాగే పసరుకి స్పిరిట్టు రాసి ఉతికేసేది. చొక్కా తెల్లగా వచ్చేది, ఆ వారం సంగతి ఆ వారంతో పోయేది.

పోని సంగతి మేస్త్రితో వచ్చింది.

మేస్త్రి ఎదుటి జట్టు డిఫెండరు. గోడలా నిలబడతాడని ఆ పేరు. ఎనిమిదేళ్ళు ఈ క్లబ్బులోనే ఆడాడు, అప్పుడు వాడి బట్టలూ అత్తే ఉతికింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు వచ్చాయి, ఇంకొక్క ఆటతో మానేస్తున్నాడు. పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఎర్ర కార్డు చూడలేదు. ఆ రోజు తొంభయ్యో నిమిషంలో, గోలు ముందు పెనాల్టీ పెట్టె గీత మీద, పిచ్చుక అతని పక్కనుంచి దూసుకెళ్తూ పడిపోయాడు. రిఫరీ ఊదాడు. పిచ్చుక జట్టుకి పెనాల్టీ, మేస్త్రికి ఎర్ర కార్డు. క్లబ్బు గెలిచింది. జనం అరుపులకి కిటికీ అద్దం అదిరింది. కానీ ఆ పెట్టె మైదానం అవతలి కొస, అత్తకి కిటికీలోంచి కాళ్ళు కూడా కనబడవు.

గంట తర్వాత మేస్త్రి తల వంచుకుని ఆమె గది గుమ్మంలో నిలబడ్డాడు.

"కార్డు ఉంటే వచ్చే ఆదివారం నేను ఆడను అత్తా. ఆఖరి ఆట. మా అమ్మ వస్తోంది. కొడుక్కి దెబ్బలు తగుల్తుంటే చూడలేనని ఇన్నాళ్ళూ రాని మనిషి, ఇదొక్కదానికి ఒప్పుకుంది. రేపు పదింటికి లీగ్ వాళ్ళ విచారణ. కెమెరాకి ఎవడిదో వీపు అడ్డమొచ్చింది, ఏమీ కనబడట్లేదు."

"నువ్వు తన్నావా నాయనా?"

"లేదనే అనుకుంటున్నా. కానీ మనసు పీకుతోంది. తగిలిందేమో, నాకే తెలియలేదేమో. నువ్వయితే చెప్పగలవని వచ్చా. ఉంటే ఉందని చెప్పు, నేనేమీ అనుకోను."

పొద్దున వాన పడింది కాబట్టి బట్టలన్నీ బురదే, ఎండనివ్వాలని ఇంకా తొట్టిలో వెయ్యలేదు. అత్త పిచ్చుక బట్టలు ఏరి బల్ల మీద పరిచింది. పరిచి నోరు వెళ్ళబెట్టింది. రొమ్ము మీద పసరు మచ్చ లేదు. రెండు ముంజేతుల అంచులూ మట్టి, ఎడమ తుంటి మీద బెత్తెడు పసరు. నిజంగా పడ్డవాడి బట్టలు! అయితే మేస్త్రే తన్నాడన్న మాట. పాపం, ఈ మాట అతని మొహమ్మీద ఎలా చెప్పడం?

చెప్పే ముందు మేజోళ్ళు లైటు కింద పెట్టి చూసింది. తిరగేసి చూసింది. నల్ల చార లేదు. ఒక్క పోగు లేవలేదు. తర్వాత బూటు తీసింది. ఎడమ బూటు అడుగున మేకుల మధ్య తెల్లరంగు గడ్డకట్టి ఉంది, అంచు పొడుగునా ఒకే ఈడ్పుగా పాకి ఉంది. వాన తర్వాత గీతలు మళ్ళీ దట్టంగా గీశారు. ఆ తడి రంగు మీద వాడి కాలు పడింది.

"జారాడ్రా బాబూ వాడు!" అంది అత్త. "నువ్వు ముట్టుకోలేదు, వాడు నటించలేదు. గీత మీద జారాడు, అంతే."

మేస్త్రి ఆ బూటుని చేతిలోకి తీసుకుని చూశాడు. "నా తప్పూ లేదు, వాడి తప్పూ లేదు. మరి ఈ కార్డు ఎవరిదత్తా?"

ఆమె బూటుని తీసుకుని మళ్ళీ బల్ల మీద పెట్టింది. వచ్చి సాక్ష్యం చెప్పమని అతను అనలేదు. నాకు తెలిసింది, అదే చాలు అని వెళ్ళిపోయాడు. అతనికి చాలిందేమో గానీ అత్తకి చాలలేదు. వెంటనే పిచ్చుకకి ఫోన్ చేసింది.

వాడు వస్తూనే ఇంతెత్తున లేచాడు. "నువ్వు కూడా మొదలుపెట్టకత్తా! ఫోన్లలో అంతా దొంగ దొంగ అని ఒకటే గోల. ఈసారి నేను డైవ్ కొట్టలేదు, ఒట్టు!"

"నాకు తెలుసు. జారావు."

వాడి కోపం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. బల్ల మీది బట్టల్ని చూశాడు. ఇరవై ఆరేళ్ళలో తన చొక్కా ముందు అలా బిక్కచచ్చి నిలబడ్డ ఆటగాణ్ణి అత్త చూడలేదు.

"ఊదినప్పుడు లేచి చెప్పాల్సింది కదరా."

"నేను అడగలేదు. చెయ్యెత్తలేదు, అరవలేదు. ఆయనే ఊదాడు. కోచ్ కూడా రేపు నోరు మూసుకుని కూర్చోమన్నాడు."

"పడటంలో అబద్ధం లేదు, ఒప్పుకుంటా. పడ్డాక?"

వాడు స్టూలు మీద కూలబడ్డాడు. అసలు భయం బయటపెట్టాడు. "జారానని రేపు నా నోటితో చెప్పాననుకో. ఇన్నాళ్ళూ పడ్డవన్నీ కూడా దొంగవేనని రాసేస్తారు. సగానికి సగం దొంగవే, ఆ సంగతి నీకూ తెలుసు. ఇక మీదట ఎవడైనా నిజంగా కాలు విరగ్గొట్టినా ఏ రిఫరీ ఊదడత్తా."

ఊదరేమో. అత్తకీ అదే అనిపించింది. ఏం కాదులే అని చెప్పడానికి నోరు రాలేదు, ఎందుకంటే అవుతుందని ఆమెకీ తెలుసు. వాడి వయసెంతని, ఇంకా పదేళ్ళు ఈ కాళ్ళతోనే బతకాలి. అటు చూస్తే మేస్త్రి తల్లి. ఆమె చొక్కా మీద చెయ్యి వేసి చూసింది. బురద ఎండిపోయింది.

"ఇవి ఉతికే వేళయింది," అంది. "ఉతికితే ఈ సంగతి నీళ్ళలో పోతుంది. నేనెవరికీ చెప్పను, మేస్త్రీ చెప్పడు. నువ్వే చెప్పు, ఉతకనా?"

వాడు లేచి తలుపు దాకా వెళ్ళాడు, మళ్ళీ వెనక్కి వచ్చాడు. బూటు, మేజోళ్ళు, చొక్కా, నిక్కరు ఒక్కొక్కటే తీసి సంచిలో పెట్టుకుని, ఆమె మొహం చూడకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు విచారణలో ఆ బూటుని బల్ల మీద బోర్లించి తెల్లరంగు చూపించాడట. కార్డు కొట్టేశారు. మేస్త్రి ఆఖరి ఆట ఆడాడు. అమ్మ వచ్చింది గానీ సగంసేపు కళ్ళు మూసుకునే కూర్చుందని అతనే ఫోన్ చేసి చెప్పి నవ్వాడు. ఇక్కడ మాత్రం కోచ్ మూడు రోజులు పిచ్చుకతో మాట్లాడలేదు. విచారణ మర్నాటి పేపర్లో వాడు పాత ఆటల్లో పడ్డవన్నీ వరసగా బొమ్మలేసి మరీ వేశారు.

తర్వాతి ఆట సొంత మైదానంలోనే. రెండో సగంలో అత్త స్టూలెక్కింది. పిచ్చుక కాళ్ళు ఆమెకి కొండగుర్తు, ఎడమ పాదం కాస్త లోపలికి వేస్తాడు. ఆ కాళ్ళు కిటికీ వైపే దూసుకొస్తున్నాయి. వెనక నుంచి ఒక నల్ల బూటు వచ్చి పిక్క మీద పడింది. చప్పుడు అద్దం ఇవతలికి వినిపించింది. చేతులు ముందుకి పోయాయి, మనిషి పక్కకి పడ్డాడు. పడేసరికి కిటికీకి రెండడుగుల దూరంలో వాడి మొహం. ఇన్నేళ్ళలో ఆట జరుగుతుండగా ఆమె చూసిన మొదటి మొహం అదే. నొప్పికి పళ్ళు బిగుసుకుని, కళ్ళు చెమర్చి ఉన్నాయి.

ఈల వినబడలేదు. రిఫరీ బూట్లు వాడి పక్కనుంచే పరుగెత్తాయి. "లే లే, నాటకాలు చాలు!" అన్న మాట మాత్రం స్పష్టంగా వినిపించింది. జనం నవ్వారు.

"ఏయ్! తన్నాడు! నేను చూశాను!" అత్త రెండు చేతులతో అద్దం బాదింది. ఎవరికి వినబడుతుంది? పిచ్చుక లేచి, కుంటుకుంటూ బంతి వెనక పరుగెత్తాడు.

సాయంత్రం బల్ల మీద అన్నీ ఉన్నాయి. ముంజేతుల మట్టి, తుంటి పసరు, మేజోడు మీద నల్ల చార, చార మధ్యలో నెత్తురు. ఒక్కటి అబద్ధం చెప్పడం లేదు. వాడు కాలికి కట్టుతో వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"నా వల్లే కదరా," అంది ఆమె. "ఆ రోజు ఉతికేసినా బాగుండేది."

"నీ వల్ల కాదు. నా పాతవాటి వల్ల."

"పాతవన్నీ వారం వారం ఉతుకుతూనే ఉన్నా కదా. పోయాయనుకున్నా."

"నువ్వు ఉతికితే చొక్కా మీదివే పోతాయత్తా," అన్నాడు పిచ్చుక. "జనం కళ్ళల్లోవి నేనే పోగొట్టుకోవాలి. ఎన్నాళ్ళు పడుతుందో మరి."

అత్త కళ్ళు తుడుచుకుని మేజోడు తీసుకుంది. మిషన్లో వెయ్యలేదు. తొట్టిలో చన్నీళ్ళు పట్టి, నెత్తురు ఉన్నచోట బొటనవేలితో మెల్లగా రుద్దడం మొదలుపెట్టింది.